కడలికి సెలవు – కడుపునకు సెలవు కలదా?

ప్రతి సంవత్సరమును ఏప్రిలు 15వ తేదీ మొదలుకొని జూను 14వ తేదీ వఱకు మన తూర్పుతీరమున మరపడవలును, మోటారు బిగించిన పడవలును వేటకు పోరాదని శాసనము. పడమటితీరమున నీ నిషేధము జూను 1వ తేదీని మొదలై జూలై 31వ తేదీతో ముగియును. అక్కడను 61 దినములే, ఇక్కడను 61 దినములే; కాని రెండు తీరములును ఒక్కమాఱుగా మూతబడియుండుట జూను మొదటి పదునాలుగు దినములు మాత్రమే. ఈ భేదమును చూచి మనలో ననేకులు, "ఒక దేశమునకు రెండు ధర్మములా? మే నెలలో విశాఖపట్టణమున నేరమైనది కొచ్చిలో నేరము కాకపోవుట యెట్లు? అందఱకును ఒకే తేదీ నిర్ణయింపరాదా?" అని యడుగుచున్నారు. ప్రశ్న వినుటకు న్యాయముగనే యున్నది. కాని యిది న్యాయమును తప్పుచోట వెదకు ప్రశ్న యని మా యభిప్రాయము. తేదీలు వేఱగుట యన్యాయము కాదు. అన్యాయము మఱియొకచోట నున్నది. తేదీల కలహములోబడి దానిని మనము చూడకున్నాము.

వేట విరామము జాలరికి విధించిన శిక్ష కాదు. చేప పిల్లలను పెట్టుకొనుట కిచ్చిన గడువు. చేలో మొలక వచ్చు తఱిని పశువులను తోలుమని యే రైతును చెప్పడు. ఆ మొలక వచ్చు కాలము అన్ని సీమలకు నొక్కటియా? కోనసీమలో వరినాట్లు వేయు దినముననే యనంతపురమున వేరుసెనగ విత్తవలెనని యెవరైన నాజ్ఞాపించినచో మనము నవ్వమా? నేల విషయమున నవ్వదగిన మాటను కడలి విషయమున సమానధర్మమని పొగడుచున్నాము. నీళ్లన్నియు మనకంటికి నొక్కతీరుననే కానవచ్చుటచేత కలిగిన భ్రాంతి యిది.

పడమటితీరమును నైఋతి ఋతుపవనము జూను మాసారంభమున తాకును. అప్పుడు కడలి పొంగి పడవలకు ప్రమాదకరమగుటయే కాక, అడుగుననున్న చల్లని సారవంతమైన నీరు పైకి వచ్చును. ఆ సారమువలన సూక్ష్మజీవులు వృద్ధిపొందును. వానిని తిని బ్రదుకు కవళ్లు మున్నగు చేపలకు ఆ మాసములు సంతానకాలము. తూర్పుతీరమున నట్లు కాదు. ఇచ్చట పెనుతుపానుల భయము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు నెక్కువ. వేసవి మాసములు పెక్కు జాతుల చేపలకును రొయ్యలకును సంతానకాలమని యెంచి నిషేధము నప్పుడుంచిరి. రెండు కడళ్ల స్వభావము రెండు విధములు. కావున రెండు తేదీలు.

దీనికి కన్యాకుమారికి మించిన సాక్ష్యము లేదు. తమిళనాడునకు ప్రభుత్వ మొక్కటి, శాసనసభ యొక్కటి. అయినను ఆ రాష్ట్రపు తూర్పుతీరమున ఏప్రిలు 15వ తేదీని పడవలు ఒడ్డు చేరును. కన్యాకుమారి జిల్లాలోని పడమటి తీరమున జూను 1వ తేదీని చేరును. ఒకే రాష్ట్రమున రెండు తేదీలు నడచుచున్నవి. నిర్ణయించినది రాష్ట్రపు సరిహద్దు కాదు, కడలి.

ఇందుకు ప్రతిగా బంగాళాఖాతపు టుత్తరభాగమును చూడుడు. బంగ్లాదేశము 2015వ సంవత్సరమున పెద్ద ట్రాలరులకును, 2019వ సంవత్సరమున పడవల కన్నిటికిని మే 20వ తేదీ నుండి జూలై 23వ తేదీ వఱకు 65 దినములు వేట మాన్పించెను. మన పడవలు జూను నడుమనే కడలి కెక్కుచుండెను గదా! ఒకే చేపలగుంపు ఈ ప్రక్క కాపాడబడి ఆ ప్రక్క పట్టుబడుచుండెను. తాము వలలు మడిచి కూర్చున్నప్పుడు పొరుగువారు వచ్చి తమ చేపలను దోచుకొనుచున్నారని యచ్చటి జాలరులు మొఱపెట్టిరి. తుదకు 2025వ సంవత్సరమున ఆ దేశము తన నిషేధమును ఏప్రిలు 15 మొదలు జూను 11 వఱకు 58 దినములుగ మార్చి మన తేదీలకు దగ్గఱ చేసికొనెను. దీనివలన తేలిన ధర్మ మేమి? కడలి యొక్కటైనచోట దేశములు రెండైనను తేదీ యొక్కటి కావలెను. కడలి వేఱైనచోట దేశ మొక్కటైనను తేదీ వేఱు కావలెను.

మన రాజ్యాంగము కూడ నీ వైవిధ్యమునకు తావిచ్చియున్నది. చేపలవేట రాష్ట్రముల జాబితాలోనిది. ప్రాదేశిక జలముల కావల వేట కేంద్రపు జాబితాలోనిది. ఒడ్డునుండి 12 నాటికల్ మైళ్లు రాష్ట్రపు టేలుబడి, ఆపైని కేంద్రపు టేలుబడి. ఈ యధికారముతోనే కేరళము 1988వ సంవత్సరమున వానకాలపు ట్రాలు వేటను నిలిపినది. 2018 నుండి జూను 9వ తేదీ యర్ధరాత్రి మొదలు జూలై నెలాఖరు వఱకు 52 దినములుగ నడపుచు, సంప్రదాయపు పడవలవారిని మాత్రము పోనిచ్చుచున్నది. ఒడిశా ప్రభుత్వము ధామ్రా, దేవి, ఋషికుల్యా నదీముఖములయొద్ద సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై నవంబరు 1 మొదలు మే 31 వఱకు, ఏడు మాసములు, 20 కిలోమీటర్ల మేర వేటను నిషేధించినది. పూరీలోను గంజాము తీరమునను తెలుగు మాటలాడు జాలరులున్నారు గనుక నిది మనకు దూరపు వార్త కాదు. ఒక్క నదీముఖమునకు ప్రత్యేకముగ నియమము చేయుట సాధ్యమే యని యిందువలన తెలియుచున్నది.

అట్లైన మన తూర్పుతీరపు తేదీ నిర్దోషమా? కాదు. హుగ్లీ ముఖమునుండి కన్యాకుమారి వఱకు నింత దీర్ఘమైన తీరమున కంతటికిని ఒకటే తేదీ పెట్టుట ముతకపని. 2015వ సంవత్సరమునకు పూర్వము 47 దినములున్న నిషేధమును 61 దినములకు పెంచిరి. మేము దాని నాక్షేపింపము. కాని దినములు పెంచినంతమాత్రమున ఏ చేప యెప్పుడు గ్రుడ్లు పెట్టునను ప్రశ్నకు సమాధానము కాలేదు.

గోదావరి పులస నే తీసికొందము. కడలిలో విలసయను పేర నుండి, వఱదనీరు దిగిన పిమ్మట నేటి కెదురీది, గ్రుడ్లు పెట్టుటకై వచ్చు చేప యిది. అది వచ్చునది జూలై మొదలు సెప్టెంబరు వఱకు. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకుండు కడలినిషేధము దానిని నదిలో నొక్కదినమైనను కాపాడజాలదు. ధవళేశ్వరపు టానకట్ట దాని దారి కడ్డుగ నిలిచియున్నది. ఆ యానకట్టకు దిగువనంతట వలలు కాచుకొనియున్నవి. ఇదే చేపకై బంగ్లాదేశము అక్టోబరు ప్రాంతమున 22 దినములు ప్రత్యేకముగ వేట మాన్పించుచున్నది. పశ్చిమ బంగాళము 23 సెంటీమీటర్లకు తక్కువైన పిల్లచేపను పట్టరాదని నియమము చేసినది. మనము చేసినదేమి? పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత చెప్పుకొనుచు, కడుపుతో నున్న చేపకు వేలకొలది రూపాయలు వెల కట్టి, తిన్నవారి గొప్పను చాటుకొనుచున్నాము. నదులలో వేటను నియమించు నధికారమును 1897 నాటి మత్స్యశాసనమే యిచ్చియుండెను. కొఱవడినది యధికారము కాదు, కోరిక.

ఇక నసలు అన్యాయమునకు వత్తము. చేపకు విరామ మిచ్చినప్పుడు జాలరికి అన్నమెవరు పెట్టవలెను? తేదీలు కడలినిబట్టి మాఱవలసినవే. కాని యాకలి కడలినిబట్టి మాఱదు. ఇచ్చటనే మన వ్యవస్థ తలక్రిందులైనది. ఆంధ్రప్రదేశమున వేట విరామపు సాయమును 2019వ సంవత్సరమున కుటుంబమునకు 10,000 రూపాయలుగ చేసిరి. 2025వ సంవత్సరమున 20,000 రూపాయలిచ్చిరి. తమిళనాడు 2023వ సంవత్సరమున తన సాయమును 5,000 నుండి 8,000 రూపాయలకు పెంచునట్లు ప్రకటించినది. కేంద్రపు పథకమున మూడు నెలలకు చేతికి వచ్చునది 4,500 రూపాయలు. అందు 1,500 జాలరి తాను ముందుగ దాచుకొన్నదే. లెక్క వేసికొనుడు. అఱువదియొక్క దినములకు పంచినచో మన జాలరి కుటుంబమునకు దినమునకు 328 రూపాయలు. తమిళ జాలరికి 131. కేంద్రపు పథకము నొక్కదానినే నమ్ముకొన్నవానికి, ఆ మూడు నెలలకు పంచినచో, 50 రూపాయలు. నిషేధపు దినములు సమానము, బియ్యపు ధర యించుమించు సమానము, బిడ్డల యాకలి సమానము. అసమానమైనది సాయమొక్కటే. ఒకటిగ నుండవలసినది వేఱువేఱుగ నున్నది. వేఱుగ నుండవలసిన తేదీలను ఒకటి చేయుమని మనము కేకలు వేయుచున్నాము!

వలసపోయిన కూలి గతి యింకను దయనీయము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి అనేకులు గుజరాతునకు పోయి యచ్చటి యజమానుల పడవలపై పనిచేయుచున్నారు. అట్టివారిలో 20 మందిని 2018వ సంవత్సరమున పాకిస్థానువారు పట్టుకొనగా, 2020 జనవరిలో విడుదలయైరి. అప్పుడు మాత్రము వారి పేదఱికము మన పత్రికలకు కనబడినది. మన తీరము మూతబడిన ఏప్రిలు, మే మాసములలో వీరు పడమటికడలిపై నుందురు. ఆ తీరము మూతబడినప్పుడు పనిలేక యింటికి వత్తురు. అప్పటికి మన తీరపు నిషేధము ముగియుటకు సిద్ధముగ నుండును. తూర్పుతీరపు జాబితాలో వీరి నెవరు చేర్తురు? పడమటితీరపు జాబితాలో పరరాష్ట్రపు కూలికి తావేది? రెండు కడళ్ల నిషేధమునకు నడుమబడి వీరు పస్తులుండవలసినదేనా?

మఱియొక మాట. సాయమునకై చేయు లెక్క పడవపై వలవేయు పురుషుల లెక్క. కాని రేవులో చేపలను పాటపాడి కొని, గంపల కెత్తుకొని, ఊరూర తిరిగి యమ్ము స్త్రీ యెవరు? ఇసుకపై చేపల నెండబెట్టి, ఉప్పువేసి, వానకాలపు సంసారమును గడపు స్త్రీ యెవరు? పడవ యొడ్డున నిలిచిననాడే యామె గంపయు నిలిచినది. వితంతువు, భర్తచే విడువబడినది, పడవపై మగవాడు లేని యిల్లు – వీరి పేర జాబితాలో నొక వరుసయైనను వ్రాయవలదా? స్త్రీ విద్యయనియు స్త్రీ స్వాతంత్ర్యమనియు మనము వ్రాసికొను వ్యాసములు ఆ గంపను మోయు శిరస్సువఱకు పోనిచో వానివలన ప్రయోజన మేమి?

కొందఱు, "ఊరక కూర్చున్నవారికి ప్రజాధనము పంచుట సోమరితనమును పెంచుట కాదా?" యని యందురు. ఇది వినుటకు పొదుపు మాటవలె నుండును. విచారించిన నెగవేత మాట. జాలరి తనంతట పని మానలేదు, శాసనము మాన్పించినది. ఆ రెండు మాసములలో పెరిగిన చేపను తరువాత తినువారెవరు? మనము. దానిని విదేశముల కమ్మి ధనము గడించువారెవరు? వర్తకులును, ప్రభుత్వమును. ఫలమందఱిది, పస్తు జాలరి యొక్కనిది యగుట యే నీతి? అందఱ మేలునకై యొకని పని నాపినప్పుడు ఆతని కిచ్చునది దానము కాదు, బాకీ.

కాబట్టి మేము కోరునవి మూడు. మొదటిది: తేదీలను ఒకటి చేయుమను కేకను మానవలెను, శాస్త్రజ్ఞులును, ఆ యా రేవుల వృద్ధజాలరులును కూర్చుండి, ఏ చేప కే నీట నే మాసము గడువు కావలెనో నిర్ణయింపవలెను, గోదావరి పులసకు ప్రత్యేకముగ విరామ ముండవలెను. రెండవది: నిషేధపు దినమున కింత యని సాయమును దేశమంతట నొకే కొలతతో నిర్ణయించి, నిషేధము మొదలగుటకు ముందే చేతి కందీయవలెను. మూడవది: ఆ సాయము పడవను గాక మనిషిని వెంబడింపవలెను, వలసకూలికిని, గంపమోయు స్త్రీకిని చెందవలెను.

నాలుగవది ప్రభుత్వమును కోరవలసినది కాదు, మన వంటయింటిని కోరవలసినది. నిషేధపు దినములలో దొంగవేట చేపకు హెచ్చు వెల యిచ్చునది మనమే. గ్రుడ్లతోనున్న పులసకై తగవులాడునది మనమే. కొనువాడు లేనిచో పట్టువాడుండడు. సోదరీమణులారా! ఏకాదశినాడును, కార్తికమాసమునను నియమములు పాటింపగల యిల్లు రెండు మాసములు కడలి కొఱకు నియమము పాటింపలేదా? నోటిరుచి కొంత తగ్గించుకొనుడు. జాలరి యాకలికి మాత్రము మీ గొంతు నెత్తుడు.