ఆ పెట్టె పలికిన మాట



మా చిన్న ఖాలా పెళ్ళయిన ఏడాదికే గుంటూరు జిల్లా విడిచి బర్మింగ్‌హామ్ నగరానికి వెళ్ళారు. అప్పటికి ఆమెకు తెలుగు, ఉర్దూ తప్ప మరో భాష రాదు. ఖాలూ ఉదయమే పనికి వెళితే తిరిగి వచ్చేది చీకటి పడిన తరువాతనే. పగలంతా ఇంట్లో ఆమె, వంటగది కిటికీ పక్కన ఒక రేడియో. “బేటా, ఆ దేశంలో నాతో మొదట మాట్లాడినది మనుషులు కాదు, ఆ పెట్టే” అని ఇప్పటికీ అంటూ ఉంటారు.

ఆ పెట్టెలో పలికేది బి.బి.సి. రేడియో 4. పాటలకంటే మాటకే ప్రాధాన్యమిచ్చే జాతీయ కేంద్రం అది. అంతకు ముందున్న హోమ్ సర్వీసు స్థానంలో 1967 సెప్టెంబరు 30న ఆ పేరుతో ప్రారంభమయింది. వాణిజ్య ప్రకటనలు అందులో వినబడవు. ప్రజలు ఏటా చెల్లించే టెలివిజన్ లైసెన్సు రుసుమే దానికి ప్రధానమైన ఆధారం.

అక్కడి వారు ఒక దినమంతా ఆ కేంద్రాన్ని వింటే ఏమి వినవచ్చునో చూద్దాం. తెల్లవారక ముందే ఒక చిన్న ప్రార్థన, ఆ వెంటనే రైతుల కోసం సేద్యపు విశేషాలు. ఆరు గంటలకు ‘టుడే’ అనే వార్తా కార్యక్రమం మొదలవుతుంది. 1957 నుండి నడుస్తున్న ఈ కార్యక్రమంలో మంత్రులు సైతం సూటి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసిందే. ఆ రాజకీయ వాదోపవాదాల నడుమ, 7 గంటల 45 నిమిషాల ప్రాంతంలో మూడు నిమిషాల సేపు ఒక ధార్మిక చింతన ఉంటుంది. క్రైస్తవులు, యూదులు, హిందువులు, సిక్కులతో పాటు ముస్లిములు కూడా ఆ స్థానం నుండి మాట్లాడుతుంటారు. తమ ధర్మానికి చెందినవారి గొంతు వినబడిన రోజున ఖాలా పిల్లలు బడికి వెళ్ళే తొందరలో కూడా ఒక్క క్షణం ఆగేవారట. దేశమంతా వింటున్న వేళ మన మాటకు చోటు దొరకడం పరాయి గడ్డమీద పెరిగే బిడ్డకు ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు.

పది గంటలకు స్త్రీల కార్యక్రమం ‘ఉమన్స్ అవర్’. ఇది 1946లో మరో కేంద్రంలో ఆరంభమయింది. విచిత్రమేమంటే స్త్రీల కోసమని మొదలుపెట్టి, దానిని నడిపించే బాధ్యత మొదట ఒక పురుషునికి అప్పగించారు! ప్రసవానంతర దిగులు మొదలుకొని వేతనాలలో వివక్ష దాకా ఇరుగు పొరుగుతో చెప్పుకోలేని సంగతులు ఎన్నో అందులో చర్చకు వస్తాయి. అంధుల కోసం 1961 నుండి ‘ఇన్ టచ్’ అనే ప్రత్యేక కార్యక్రమం ఉంది. మెల్విన్ బ్రాగ్ 1998లో ప్రారంభించిన ‘ఇన్ అవర్ టైమ్’లో ముగ్గురు పండితులు ఒక విషయాన్ని తీసుకొని లోతుగా చర్చిస్తారు. ఇమామ్ గజాలీ, ఇబ్నె ఖల్దూన్, ఇబ్నె సీనా, అల్ బిరూనీల గురించి కూడా అందులో చర్చలు జరిగాయి. మన పూర్వుల విద్యా వైభవం గురించి తన కొడుకు మొదట విన్నది అక్కడేనని చెబుతూ ఖాలా కొంచెం సిగ్గుపడ్డారు. “మనం చెప్పవలసింది రేడియో చెప్పింది” అన్నారు.

ఇక సాయంత్రం ఏడు దాటగానే ‘ది ఆర్చర్స్’ అనే ధారావాహిక నాటకం. యుద్ధానంతరం ఆహార కొరతతో బాధపడుతున్న ఆ దేశంలో, రైతులకు కొత్త సాగు పద్ధతులను కథగా చెప్పాలన్న ఆలోచనతో పుట్టి, 1951 జనవరి 1 నుండి దేశమంతటికీ ప్రసారమవుతున్నది. ఆ నాటకంలో హెలెన్ అనే ఇల్లాలికి రాబ్ అనే భర్త. మొదట్లో అతడు ఆమెను కొట్టడు. ఆమె కట్టుకునే బట్ట తానే నిర్ణయిస్తాడు, కారు నడపవద్దంటాడు, స్నేహితులను దూరం చేస్తాడు, చివరకు నీ మతి సరిగా లేదని ఆమె చేతనే నమ్మిస్తాడు. కథ రెండేళ్ళకు పైగా, నిజ జీవితంలో జరిగినంత నెమ్మదిగానే సాగింది. 2016లో ఆమె కత్తి ఎత్తింది. అదే ఏడాది సెప్టెంబరులో నాటకంలోని న్యాయస్థానం ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. ఇంతలో ఒక శ్రోత పిలుపునిస్తే, బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే సంస్థకు లక్ష పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఇంగ్లండు, వేల్సులలో ఇలాంటి నిర్బంధ ప్రవర్తనను నేరంగా పరిగణించే చట్టం 2015 డిసెంబరు చివరలోనే అమలులోకి వచ్చింది. శిక్ష అయిదేళ్ళ వరకు ఉండవచ్చు. చట్టం కాగితం మీద ఉన్నది, నాటకం దానిని వంటింటిలోకి తెచ్చింది.

ఆ రోజులలో ఖాలా ఇంటికి వచ్చే ఒక పరిచయస్థురాలు రొట్టెలు చేస్తూ ఆ నాటకం విని, చేతిలోని పిండి అలాగే పట్టుకొని నిలబడిపోయిందట. “ఆపా, నన్నెవరూ కొట్టలేదు కదా, నాకేం కష్టమని ఇన్నాళ్ళూ అనుకున్నాను” అన్నదట. ఖాలా ఆమెకు ఉపదేశమేమీ చేయలేదు. పొయ్యి ఆర్పి, పక్కన కూర్చుని, అసర్ దాకా ఆమె చెప్పినదంతా విన్నారు. ఆ తరువాత పెద్దలు కలుగజేసుకున్నారు, సహాయం లభించింది. ఆ మొదటి మాట బయటకు రావడానికి మాత్రం ఎవరో కల్పించిన ఒక కథ కావలసి వచ్చింది.

అర్ధరాత్రి దాటిన తరువాత 12 గంటల 48 నిమిషాలకు నావికుల కోసం సముద్ర వాతావరణ సూచన చదువుతారు. బ్రిటన్ చుట్టూ ఉన్న 31 సముద్ర ప్రాంతాల పేర్లు వరుస తప్పక వస్తాయి. దాదాపు 350 మాటలలో గాలి, కెరటం, చూపు ఎంతదూరం ఆనుతుందో అన్నీ చెప్పి ముగించాలి. అందులో ఒక ప్రాంతానికి 2002లో ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చారు. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానులో మునిగిన పిదప, రేవులకు ముందస్తు హెచ్చరికలు పంపే పద్ధతిని నెలకొల్పిన నావికాధికారి ఆయన. తన మాట మీద ఒక ప్రాణం ఆధారపడి ఉన్నదని తెలిసినవాడు వృథాగా ఒక్క మాట కూడా పలకడు. తుపాను వేళ ఆకాశవాణిలో ప్రమాద హెచ్చరిక సంఖ్య కోసం చెవులు రిక్కించిన మన తీరప్రాంత కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు.

ఆకాశవాణికి ఆ కేంద్రంతో బంధుత్వమూ కలదు. 1935లో మన ప్రసారాలకు అధిపతిగా వచ్చిన లియొనెల్ ఫీల్డెన్ బి.బి.సి. నుండి వచ్చినవారే. 1936లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరు స్థిరపడింది ఆయన కాలంలోనే. రైతులకు, స్త్రీలకు, పిల్లలకు వేర్వేరు వేళలు కేటాయించి ఇంటిల్లిపాదిని పలకరించే ఆ పద్ధతి మన పెద్దలకు కొత్త కాదు.

నేడు మన ఇళ్ళలో ఎవరి చెవిలో వారి యంత్రం ఉన్నది. తనకు నచ్చినదే తాను వింటున్నందువల్ల అత్త విన్నది కోడలికి తెలియదు, కొడుకు విన్నది తండ్రికి తెలియదు. ఒకే గొంతును నలుగురూ కలిసి విన్న ఇంట్లో, విన్న తరువాత మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. మగ్రిబ్‌కు, ఇషాకు నడుమ అరగంట సేపు యంత్రాలను పక్కన పెట్టి, ఒక మంచి ప్రసంగమో, వార్తలో, కథో కలిసి వినిచూడండి. విన్నాక వెంటనే లేచిపోకండి. అంతవరకు మౌనంగా ఉన్నవారు ఎవరైనా అప్పుడు నోరు విప్పవచ్చు. ఆ మాటను మధ్యలో తుంచకుండా చివరి దాకా వినండి.