వేగానికి తూకం

కారు గొప్పతనాన్ని దాని గరిష్ఠ వేగంతో కొలవడం లోకంలో స్థిరపడిన అలవాటు. గంటకు ఎన్ని కిలోమీటర్లు, ఇంజిన్‌కు ఎంత అశ్వశక్తి, ధర ఎన్ని కోట్లు అనే మూడు ప్రశ్నలతో సూపర్ కార్ల గురించిన చర్చ మొదలై, ఎక్కువసార్లు అక్కడే ముగుస్తుంది. సంఖ్య పెద్దదైతే యంత్రం గొప్పదనే తీర్పు పోల్చి చూసుకోవడానికి సులభమైనదే. కాని గత 60 ఏళ్లలో వెలువడిన సూపర్ కార్లను పరిశీలిస్తే ఆ తీర్పు నిలవదు. ఈ రంగంలో అసలైన ప్రతిభ శక్తిని చేర్చడంలో కంటే బరువును తొలగించడంలోనే ఎక్కువగా వ్యక్తమయింది. పెద్ద ఇంజిన్‌ను ధనంతో సమకూర్చుకోవచ్చు. తేలికదనాన్ని మాత్రం ఆలోచనతోనే సాధించాలి.

ట్రాక్టర్ల తయారీతో సంపన్నుడైన ఫెరూచియో లాంబోర్గిని ఇటలీలో నెలకొల్పిన కార్ల సంస్థ 1966లో జెనీవా మోటారు ప్రదర్శనలో ‘మియూరా’ను ప్రవేశపెట్టింది. ఆధునిక సూపర్ కారుకు ఆది రూపంగా చాలామంది దీనినే భావిస్తారు. దాని యంత్ర నిర్మాణానికి జాన్ పావ్లో దల్లారా, పావ్లో స్టాంజాని బాధ్యత వహించగా, బెర్తోనే సంస్థకు చెందిన మార్చెల్లో గాందీనీ బాహ్యరూపాన్ని తీర్చిదిద్దాడు. ఆ ముగ్గురిలో ఎవరికీ అప్పటికి 30 ఏళ్లు నిండలేదు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌ను ముందుభాగం నుంచి తీసి, సీట్ల వెనుక, వెనుక చక్రాలకు ముందు అడ్డంగా అమర్చడం వారు చేసిన సాహసం. రేసు కార్లలో అప్పటికే ప్రవేశించిన ఈ పద్ధతిలోని ప్రయోజనాన్ని కావడి మోసే మనిషిని చూసి గ్రహించవచ్చు. బరువు కావడిబద్ద రెండు కొనలలో వేలాడుతున్నప్పుడు అతడు చటుక్కున పక్కకు తిరగలేడు, తిరిగినా వెంటనే నిలదొక్కుకోలేడు. అదే బరువును రొమ్ముకు హత్తుకొని మోస్తే తిరగడం తేలిక. కారులో అన్నిటికంటే బరువైన ఇంజిన్ మధ్యకు చేరినప్పుడు మలుపుల వద్ద వాహనం చోదకుడి ఆజ్ఞకు త్వరగా లోబడుతుంది.

అదే సంస్థ 1971లో నమూనాగా ప్రదర్శించిన ‘కౌంటాష్’ కూడా గాందీనీ సృష్టియే. కత్తితో చెక్కినట్లున్న అంచులు, పైకి లేచే తలుపులు ఆ తరం యువకుల గదుల గోడలను అలంకరించాయి. అయితే వెనుకకు చూసే అవకాశం ఎంత తక్కువంటే, కారును వెనుకకు నడపవలసి వచ్చినప్పుడు చోదకులు తలుపు పైకెత్తి, అంచుమీద కూర్చొని, మెడ వెనుకకు తిప్పి నడిపేవారు. చూపరుల కోసం రూపొందిన వస్తువుకూ వాడేవారి కోసం రూపొందిన వస్తువుకూ ఉన్న తేడాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అందంలో లోటు లేదు. కాని ఆ అందానికి మూల్యం చెల్లించింది చోదకుడు.

చోదకుడినే కేంద్రంగా చేసుకొని ఆలోచించిన వ్యక్తి గోర్డన్ మర్రీ. 1946లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జన్మించిన ఈ ఇంజినీరు బ్రభామ్, మెక్‌లారెన్ జట్లకు ఫార్ములా వన్ కార్లను రూపొందించి పేరు పొందాడు. 1988లో మెక్‌లారెన్ జట్టు 16 పందేలలో 15 గెలిచి, ఇటలీలో మాత్రం ఓడింది. ఆ ఓటమి తరువాత ఇంటికి బయలుదేరిన జట్టు పెద్దలు మిలాన్ విమానాశ్రయంలో నిరీక్షిస్తూ, సాధారణ రహదారులమీద తిరిగే అత్యుత్తమ కారును నిర్మించాలని సంకల్పించారు. ఆ సంకల్పఫలమే 1992 మే నెలలో మొనాకోలో ఆవిష్కృతమైన ‘మెక్‌లారెన్ ఎఫ్1’.

ఈ కారులో చోదకుడి సీటు మధ్యలో ఉంటుంది. ఇరుపక్కలా కొంచెం వెనుకగా మరో ఇద్దరు కూర్చోవచ్చు. ఇది వింత కోసం చేసిన ఏర్పాటు కాదు. సాధారణ కార్లలో చోదకుడు ఒక పక్కన కూర్చుంటాడు. ముందు చక్రపు గూడు కాళ్లున్న చోటికి చొచ్చుకొని రావడంతో పెడళ్లు పక్కకు జరుగుతాయి. నడుము ఒకవైపు, పాదాలు మరొకవైపు అవుతాయి. మధ్యలో కూర్చున్నవాడికి పెడళ్లు తిన్నగా ఎదురుగా ఉంటాయి. రహదారి రెండు అంచులూ సమానంగా కనిపిస్తాయి. ఎడమవైపు స్టీరింగు ఉన్న దేశానికొకటి, కుడివైపు ఉన్న దేశానికొకటి తయారు చేయవలసిన శ్రమ కూడా తప్పుతుంది. ఒక్క మార్పుతో ఇన్ని చిక్కులు విడిపోవడం మంచి రూపకల్పనకు గుర్తు.

బరువు విషయంలో మర్రీ చూపిన పట్టుదల పిసినారితనమని నవ్వుకోదగినంత తీవ్రమైనది. కారు దేహం మొత్తం కార్బన్ ఫైబర్‌తో నిర్మించారు. కారుతోపాటు ఇచ్చే పనిముట్లను టైటానియంతో చేయించారు. సంగీతయంత్రం సైతం తక్కువ తూగేలా ప్రత్యేకంగా తయారయింది. పవర్ స్టీరింగు లేదు, బ్రేకులకు శక్తినిచ్చే సహాయక యంత్రం లేదు. అయితే అవసరమైన చోట ఖర్చుకు వెనుకాడలేదు. ఇంజిన్ గది గోడలకు బంగారు రేకు తొడిగారు. వేడిని వెనుకకు తిప్పికొట్టడంలో బంగారం మేటి. పలుచని రేకు కనుక బరువు పెరగదు. ఆడంబరమని పొరబడదగిన ఆ పసిడి కూడా పొదుపులో భాగమే! బీఎండబ్ల్యూ సంస్థలో పాల్ రోషే పర్యవేక్షణలో తయారైన 6.1 లీటర్ల ఇంజిన్ 627 అశ్వశక్తిని ఇచ్చింది. ఇంతా చేసి కారు బరువు 1,138 కిలోలు.

పందెం కోసం ఉద్దేశించని ఈ కారే స్వల్ప మార్పులతో 1995లో ఫ్రాన్సులోని ల మాన్స్ 24 గంటల పందెంలో ప్రథమ స్థానం గెలుచుకుంది. 1998 మార్చి 31న జర్మనీలోని ఎరా–లెసీన్ పరీక్షా మార్గంపై ఆండీ వాలెస్ దీనిని గంటకు 386 కిలోమీటర్ల వేగంతో నడిపాడు.

ఆ వేగాన్ని దాటాలన్న తపనతో ఫోక్స్‌వాగన్ అధిపతి ఫెర్డినాండ్ పీయెచ్ ప్రోత్సాహంపై 2005లో ‘బుగాటి వేరోన్’ వచ్చింది. పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1,001 అశ్వశక్తి. బరువు సుమారు 1,890 కిలోలు. గరిష్ఠ వేగం గంటకు 407 కిలోమీటర్లు. ఇక్కడ ఒక లెక్క వేయక తప్పదు. మెక్‌లారెన్ కంటే 374 అశ్వశక్తి అదనంగా వెచ్చిస్తే లభించిన వేగం గంటకు 21 కిలోమీటర్లు మాత్రమే. ఇందుకు కారణం గాలి. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఆ నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. వెడల్పాటి దేహం, వేడిని వెళ్లగొట్టడానికి అమర్చిన 10 రేడియేటర్లు ఆ భారాన్ని మరింత పెంచాయి. గరిష్ఠ వేగంతో నడిపితే ఇంధనపు ట్యాంకు సుమారు 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ వేగాన్ని అందుకోవాలంటే కారును ఆపి, రెండవ తాళంచెవి తిప్పి, దాని ఎత్తును తగ్గించుకోవాలి.

వేరోన్‌ను తక్కువ చేయడం న్యాయం కాదు. అంత వేడిని, అంత వేగాన్ని అదుపులో ఉంచి, సామాన్యుడు సైతం నిర్భయంగా నడపగల వాహనంగా మలచడం అసాధారణమైన ఇంజినీరింగు విజయం. 2019లో అదే వాలెస్, అదే మార్గంపై, అదే సంస్థ నిర్మించిన షిరాన్ కారును గంటకు 490 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. ఆ ఘనత ఆ రోజుకు చెల్లింది. కాని అటువంటి వేగానికి తగిన రహదారి లోకంలో ఎక్కడుంది? కొన్నవాడు ఎన్నడూ వినియోగించలేని సామర్థ్యాన్ని మోసుకుంటూ ఆ కారు ప్రతి మలుపులోనూ రెండు టన్నుల భారాన్ని తిప్పుకుంటూ పోవాలి. ఎన్నడో వచ్చే పండుగ కోసం గాడిపొయ్యిని నెత్తిన పెట్టుకొని తిరగడం వంటిది ఇది.

విద్యుత్తు రాకతో బరువు సమస్య కొత్త రూపం దాల్చింది. క్రొయేషియాకు చెందిన మాటే రిమాట్స్ స్థాపించిన సంస్థ 2021లో ఆవిష్కరించిన ‘నెవేరా’ నాలుగు మోటార్లతో 1,914 అశ్వశక్తిని వెలువరిస్తుంది. నిలిచి ఉన్న స్థితి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని రెండు సెకన్లలోపే అందుకుంటుంది. పొగ లేదు, చప్పుడు లేదు. ఇక తేలికదనం ఎందుకని వాదించేవారికి ఈ కారు బలమైన ఆధారం. బ్యాటరీల వల్ల దాని బరువు రెండు టన్నులు దాటినా, ఒక్కొక్క చక్రానికి అందే శక్తిని కంప్యూటరు క్షణంలో సవరిస్తుంది కనుక మలుపులోనూ తడబడదు. ఈ వాదన తోసిపుచ్చదగినది కాదు. అయినా కారు ఎంత గొప్పదైనా నేలను తాకేది నాలుగు చిన్న రబ్బరు ముక్కలే. బరువు రెట్టింపయితే అదే వేగంలో ఆపవలసిన శక్తి కూడా రెట్టింపవుతుంది. బ్రేకులు, టైర్లు, వాటిని భరించే చాసిస్ అన్నీ పెరగాలి. అవి పెరిగితే బరువు మళ్లీ పెరుగుతుంది. కంప్యూటరు ఈ విషవలయాన్ని కప్పిపుచ్చగలదు గాని తెంచలేదు.

దీనికి మర్రీ 2020లో ‘టి.50’తో సమాధానం చెప్పాడు. మళ్లీ మధ్యలో చోదకుడు, చేత్తో మార్చే గేర్లు, నిమిషానికి 12,100 సార్లు తిరిగే ఇంజిన్, వెయ్యి కిలోల లోపు బరువు. వెనుక భాగంలో 40 సెంటీమీటర్ల వ్యాసం గల పంకా ఒకటి ఉంటుంది. అది కారు అడుగున గాలిని లాగి, వాహనాన్ని నేలకు అదిమి ఉంచుతుంది. 1978లో ఇదే ఊహతో మర్రీ నిర్మించిన బ్రభామ్ కారుపై నికీ లౌడా స్వీడన్ పందెం గెలవగా, ఇతర జట్ల అభ్యంతరాలతో ఆ కారును ఒక్క పందెంతోనే ఉపసంహరించారు. గరిష్ఠ వేగంలో రికార్డు సృష్టించడం టి.50 లక్ష్యం కాదని దాని నిర్మాత ముందే ప్రకటించాడు.

సంపన్నుల ఆటవస్తువులపై ఇంత మేధస్సు వెచ్చించడం తగునా అన్న ప్రశ్న సహజం. 2021లో అమెరికాలో ఒక మెక్‌లారెన్ ఎఫ్1 వేలంలో రెండు కోట్ల డాలర్లకు పైగా పలికింది. నడిపేవాడి సుఖం కోసం ప్రతి గ్రామునూ తూచి నిర్మించిన కారు ఇలా గాజుగదిలోని విగ్రహమైపోవడం విషాదమే. అయితే ఆటవస్తువులో పుట్టిన జ్ఞానం ఆటతో ముగిసిపోదు. ఫార్ములా వన్‌లో మొదట కార్బన్ ఫైబర్ దేహంతో వచ్చిన మెక్‌లారెన్ కారు 1981లో మోంజా పందెంలో గోడను ఢీకొని రెండు ముక్కలైనా, దాని చోదకుడు జాన్ వాట్సన్ క్షేమంగా బయటికి నడిచివచ్చాడు. ఆ పదార్థంపై ఉన్న సందేహాలు ఆనాటితో చాలావరకు తొలగిపోయాయి.

మర్రీ 2010లో ‘టి.25’ అనే పట్టణపు కారును కూడా ప్రదర్శించాడు. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు, ముందు మధ్యలో చోదకుడు, వెనుక ఇద్దరు. ఎఫ్1లోని ఆలోచనే ఇక్కడ సామాన్యుడి కోసం చిన్నదయింది. ఆ కారు ఉత్పత్తికి నోచుకోలేదు. పదేళ్ల తరువాత వచ్చిన 100 టి.50 కార్లకు మాత్రం కొనుగోలుదారులు వెంటనే దొరికారు. అతని సంస్థ ఆఫ్రికాలోని గతుకుల దారుల కోసం ‘ఆక్స్’ అనే తేలికపాటి ట్రక్కుకూ రూపకల్పన చేసి, 2013లో ప్రపంచానికి పరిచయం చేసింది. విడిభాగాలుగా పెట్టెలో పంపి, చేరిన చోట కొద్దిమంది కలిసి బిగించుకోవడానికి వీలైన ఆ ట్రక్కులోనూ చోదకుడి స్థానం మధ్యలోనే.