పెరటి ముచ్చట్లు: ఉగాదికి ఏ విత్తు వేద్దాం?

మిరప కల్లాల్లో కాయ ఎండుతోంది. వేపచెట్టు పూతకొచ్చింది. సాయంత్రం పెరట్లో నీళ్ళు చల్లి కూర్చుంటే, నాలుగు విత్తనాలు వేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది కదూ! తప్పకుండా వేయండి. కానీ ఒక్క మాట. వసంతంలో నాటమని పుస్తకాల్లో రాసే టమాటా, క్యాబేజీ, క్యారెట్ జోలికి మాత్రం ఇప్పుడు పోకండి. అది చల్లని దేశాల వసంతం. మన నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు చైత్రమంటే ఎండాకాలమే. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు!

కాపరానికొచ్చిన కొత్తలో నేనూ ఆ పొరపాటు చేసినదాన్నే. ఫాల్గుణంలో ఇరవై టమాటా మొక్కలు నాటాను. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వాడకానికి పట్టుకున్న బిందెలు కూడా వాటికే పోసేదాన్ని. ఏప్రిల్‌కి చెట్ల నిండా పసుపు పూత! "చూశారా అత్తయ్యా!" అన్నాను. "పూత చూసి మురవకమ్మాయ్, పిందె చూసి మాట్లాడు" అన్నారావిడ. పది రోజుల్లో పూతంతా రాలిపోయింది. ఓ రోజు మామయ్యగారి స్నానానికి నీళ్ళు లేకపోతే పక్కింటికి బిందె పట్టుకెళ్ళాను. ఆ సిగ్గు ఇప్పటికీ మరిచిపోలేదు.

పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదని తర్వాత తెలుసుకున్నాను. అదే వేసవిలో అత్తయ్య గొడ్లసావిడి మీదికి పాకించిన బీరపాదు మాత్రం, బియ్యం, కూరలు కడిగిన నీళ్ళతోనే ఇంటికి సరిపడా కాసింది.

అందుకని ఇప్పుడు గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు, దోస, బీర, కాకర వేసుకోండి. టమాటా, వంగ నారు తొలకరి తర్వాత పోసుకోవచ్చు.

మన నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే బీటలు. రెండు తట్టల మట్టికి ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు, ఒక తట్ట ఇసుక కలపండి. పెరడు లేనివాళ్ళు పాత బకెట్లకి అడుగున చిల్లులు పెట్టుకుంటే చాలు. వాటిని నాపరాళ్ళ మీద నేరుగా పెట్టకండి, వేడికి వేళ్ళు ఉడికిపోతాయి. కింద రెండు ఇటుకలు వేయండి.

కాకర, బీర గింజల్ని ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక కనిపించగానే అంగుళం లోతున పెట్టండి. తోటకూర విత్తనం సన్నన కనుక ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి జల్లండి. నెల తిరక్కుండానే పప్పులోకి వస్తుంది. రంగు పూసిన ప్యాకెట్ గింజలకు మందు పట్టించి ఉంటుంది. పిల్లలకి అందనివ్వకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

నీళ్ళు పొద్దున్నే పోయండి. మొదట్లో ఎండుగడ్డి పరిస్తే తడి త్వరగా ఆరదు. సబ్బు నీళ్ళు మాత్రం వద్దు. మధ్యాహ్నం పడమటెండకి అడ్డంగా ఒక పాతచీర కట్టండి. పందిరికి పత్తి కట్టె చాలు.

పాదు నిండా పూలున్నా కాయ లేదని బెంగపడేవాళ్ళుంటారు. మొదట వచ్చేవి మగపూలే, ఎండ ముదిరితే అవే ఎక్కువ. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగపువ్వు తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. దోస, కాకరలకి ఈ పని పొద్దున చేయాలి. బీరపువ్వు విచ్చేది సాయంత్రం కాబట్టి దానికి దీపాలు పెట్టే వేళ!

పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్ళలో ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున చల్లండి. పొలానికి తెచ్చిన మందు మిగిలింది కదా అని కూరపాదు మీద కొట్టకండమ్మా. ఆ కూర తినేది మన పిల్లలే.

చివరగా, మంచి కాపు కాసిన బీరపాదుకి ఒక కాయని కొయ్యకుండా వదిలేయండి. పాదు మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిద కలిపి, పొడి సీసాలో దాచండి. హైబ్రిడ్ రకమైతే దాచి లాభం లేదు, మళ్ళీ అదే కాపు రాదు. అత్తయ్య పోయిన ఏడు, ఆవిడ వంటింటి దూలానికి కట్టిన ఎండు బీరకాయని నేను దులిపి పారేయబోయాను. గలగలమని గింజల చప్పుడు వినిపించి ఆగాను. ఈనాటికీ మా ఇంట్లో కాసేది ఆ బీరే.

మీ ఇంటి దూలానికి ఏముందో ఒకసారి తలెత్తి చూడండి!