పేరు కలిసిందని అన్నం తీసేస్తారా?

శంషాబాద్ విమానాశ్రయంలో దేశీయ ప్రయాణికుల కోసం 2023 నుంచి ‘డిజి యాత్ర’ అనే ఏర్పాటు ఉంది. ద్వారం దగ్గరి కెమెరా ముఖాన్ని చూసి, టికెట్టుతో సరిపోల్చుకుని, తలుపు తెరుస్తుంది. ఇందులో చేరడం ప్రయాణికుని ఇష్టం. ఇష్టం లేనివారు మామూలు వరుసలో నిలబడి గుర్తింపు కార్డు చూపి లోపలికి పోవచ్చు. ఆచరణలో లోపాలున్నాయన్న విమర్శలు ఉండవచ్చుగాక, కనీసం సూత్రరీత్యా అక్కడ యంత్రం మనిషి అనుమతి కోరుతుంది.

ఆ విమానాశ్రయం నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మహేశ్వరం నియోజకవర్గంలోని పహాడీ షరీఫ్, జల్‌పల్లి, షాహీన్ నగర్ ఉన్నాయి. పాత బస్తీలో అద్దెలు భరించలేక వచ్చినవారు, రోజు కూలీలు, ఆటో నడిపేవారు, ఇంట్లో కుట్టుమిషను మీద బతుకు వెళ్లదీసే ఆడపడుచులు ఈ బస్తీలలో వేల సంఖ్యలో ఉన్నారు. వీరి బతుకులోకి కూడా యంత్రం వచ్చింది. కానీ వీరిని అనుమతి అడగలేదు. వచ్చిన సంగతి కూడా చెప్పలేదు. రేషన్ దుకాణంలో డీలరు ‘మీ కార్డు రద్దయింది’ అన్న రోజున మాత్రమే ఇటువంటివారికి తమ గురించి ఎక్కడో ఒక నిర్ణయం జరిగిపోయిందని తెలుస్తుంది.

ఆ యంత్రం పేరు ‘సమగ్ర వేదిక’. తెలంగాణ ప్రభుత్వం వివిధ శాఖల వద్ద విడివిడిగా ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చడానికి దీనిని ఏర్పాటు చేసింది. వాహనాల రిజిస్ట్రేషను, ఆస్తి వివరాలు, విద్యుత్ కనెక్షన్లు, రేషన్ కార్డులు, ఇలా సుమారు 30 ప్రభుత్వ జాబితాలను జోడించి, ఒక్కొక్క పౌరుని గురించి ఒక్కొక్క చిత్రాన్ని అది తయారు చేస్తుంది. ఏ జాబితాలోని పేరు ఏ జాబితాలోని పేరుతో కలుస్తుందో తేల్చే సాఫ్ట్‌వేర్‌ను అందించినది హైదరాబాద్‌కు చెందిన పోసిడెక్స్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ. కారు ఉన్నవారు, ఆస్తిపరులు పేదల బియ్యం తీసుకుంటున్నారా అని కనిపెట్టడానికి ప్రభుత్వం ఈ సరిపోలికను వాడింది.

ఉద్దేశంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బోగస్ కార్డులు ఉన్న మాట నిజం. అనర్హుని ఇంటికి చేరే బియ్యపు మూట అర్హుని ఇంటికి చేరవలసినదే. ప్రభుత్వం లెక్కలు సరిచూసుకోవడాన్ని ఏ పేదవాడూ కాదనడు. అభ్యంతరమల్లా సరిచూసిన తీరు మీద, చూసిన తరువాత చేసిన పని మీద.

2014, 2019 సంవత్సరాల మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. కార్డుదారులకు ముందుగా నోటీసు ఇవ్వలేదు. ఇంటికి వచ్చి విచారించలేదు. రద్దయిన కుటుంబాల పక్షాన హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 2016 తరువాత తొలగించిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. ఆ పరిశీలన కోసం దాదాపు 4.92 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అందులో 2.06 లక్షల దరఖాస్తులు చూసేసరికే 15 వేలకు పైగా కుటుంబాలు అర్హమైనవేనని తేలింది. అంటే పరిశీలించిన ప్రతి 13 దరఖాస్తులలో ఒకటి అర్హులది.

పదమూడింట ఒకటే కదా అని కార్యాలయంలో కూర్చున్నవారు అనుకోవచ్చు. తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తాయి. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు, ఏడాదికి 288 కిలోలు. ఆ బియ్యం ఆగిపోయిన ఇల్లు కిరాణా దుకాణంలో అప్పు పెడుతుంది, పిల్లవాని బడి మాన్పిస్తుంది, జబ్బు మనిషి మందు సగానికి తగ్గిస్తుంది. ఈ వ్యవస్థపై అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించిన పరిశోధన కథనంలో మన నగరానికి చెందిన ఒక వృద్ధ వితంతువు ఉదంతం ఉంది. ఆమె భర్త రిక్షా తొక్కి బతికినవాడు. యంత్రం అతనిని అదే పోలికగల పేరున్న మరొక వ్యక్తితో కలిపి, అతనికి కారు ఉన్నదని నిర్ధారించింది. రిక్షా తొక్కేవాని ఇంటి ముందు కారు ఉందో లేదో చూడడానికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఒక మనిషి ఆ వీధికి వెళితే చాలు. ఎవరూ వెళ్లలేదు.

ఇటువంటి పొరపాటు మన ఇళ్లలో ఎందుకు తేలికగా జరుగుతుందో ఆలోచించాలి. తెలుగు సమాజంలో చాలామందికి ఇంటిపేరు ఉంటుంది. ఒకే పేరున్న ఇద్దరిని ఇంటిపేరు వేరుచేస్తుంది. మనలో అనేక కుటుంబాలకు ఆ ఆనవాయితీ లేదు. సయ్యద్, షేక్, మహమ్మద్, ఖాన్ అనే నాలుగు మాటలు లక్షల పేర్లలో వస్తాయి. వాటి పక్కన అలీ, హుస్సేన్, అహ్మద్ చేరితే ఒక్క బస్తీలోనే పదిమంది ఒకే పేరుతో కనిపిస్తారు. మహమ్మద్ అన్నది ఒక కార్డు మీద పూర్తిగా ఉంటే మరొక కార్డు మీద ‘ఎండీ’ అని పొట్టిగా ఉంటుంది. షేక్ అన్నది ‘ఎస్కే’ అవుతుంది. ఆడవారి పేరు చివర ఒకచోట బీ, ఒకచోట బేగం. అసలు పేరు ఉర్దూలో ఉంటే, దానిని తెలుగు గుమాస్తా విని ఇంగ్లీషులో రాసి ఉంటాడు. అద్దె ఇళ్లు మారేవారికి చిరునామా కూడా నిలకడగా ఉండదు.

పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇటువంటి పేర్ల దగ్గర రెండు విధాల తప్పటడుగు వేయగలదు. వేర్వేరు మనుషులను ఒకరిగా కలపవచ్చు, ఒకే మనిషిని ఇద్దరుగా విడదీయవచ్చు. దీని వెనుక ఎవరో కక్షగట్టి ముస్లింలను ఏరివేశారన్నది నా వాదన కాదు. కక్ష లేకుండానే అన్యాయం జరగగలదన్నదే నా భయం. కక్షగట్టిన అధికారిని నిలదీయవచ్చు, బదిలీ చేయించవచ్చు, కోర్టుకు ఈడ్వవచ్చు. ‘సిస్టంలో అలా వచ్చింది’ అన్న జవాబును ఎవరు నిలదీయగలరు?

అసలు సమస్య ఇక్కడే ఉంది. సరిపోల్చేది కంపెనీ, సంతకం పెట్టేది అధికారి, పస్తుండేది కుటుంబం. కంపెనీ చేతిలో అధికారం లేదు కనుక దానికి ప్రజల ఎదుట బాధ్యత లేదు. అధికారి యంత్రం చెప్పినదే చేశాడు కనుక తనకు బాధ్యత లేదనుకుంటాడు. సమగ్ర వేదిక ఏ సూత్రం మీద పేర్లను కలుపుతుందో చెప్పాలని సమాచార హక్కు చట్టం కింద పాత్రికేయులు కోరినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్‌పై హక్కులు పోసిడెక్స్ సంస్థవంటూ ఐటీ శాఖ నిరాకరించింది. పౌరుని ఇల్లు, వాహనం, కరెంటు బిల్లు ప్రభుత్వానికి తెరిచిన పుస్తకం. ఆ పౌరుని అన్నం తీసేసిన లెక్క మాత్రం వ్యాపార రహస్యం. ఇది ప్రజాస్వామ్యంలో నిలిచే నీతి కాదు. వాణిజ్య రహస్యాలకు సమాచార హక్కు చట్టం ఇచ్చిన మినహాయింపులోనే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వెల్లడించాలన్న షరతు కూడా ఉంది. 18 లక్షల కార్డుల కన్నా విస్తృతమైన ప్రజా ప్రయోజనం ఏముంటుంది?

ఇది మన రాష్ట్రానికే పరిమితమైన విషయం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే కుటుంబాలలో మోసగాళ్లను పట్టుకోవడానికి పన్నుల శాఖ ఒక యంత్రాన్ని ఆశ్రయించింది. దరఖాస్తుదారు డచ్ పౌరుడా కాదా అన్నది కూడా ఆ యంత్రం అనుమానానికి ఒక కొలమానం చేసుకుంది. వేలాది కుటుంబాలు, ముఖ్యంగా వలస మూలాలు ఉన్నవి, చేయని నేరానికి అప్పుల పాలయ్యాయి. నిజం బయటపడిన తరువాత 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. అంతకు ఏడాది ముందు, 2020 ఫిబ్రవరిలో, హేగ్‌లోని న్యాయస్థానం సంక్షేమ మోసాలను పసిగట్టే మరొక యంత్రాన్ని, అది ఎలా పనిచేస్తుందో ప్రజలు తెలుసుకునే వీలు లేదన్న కారణంతో కూడా, నిలిపివేసింది. సంపన్న దేశంలో, బలమైన న్యాయవ్యవస్థ ఉన్నచోటే ఇంత జరిగితే, నోటీసు కూడా అందని మన బస్తీల సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, రాష్ట్రంలో సమాచార సేకరణ ఆగలేదు. 2024 నవంబరులో ఇంటింటి కులగణన జరిగింది. 2025లో కొత్త రేషన్ కార్డులు ఇచ్చారు, సన్న బియ్యం వస్తున్నాయి. సంతోషమే. కానీ కొత్త కార్డు కూడా పాత పద్ధతిలోనే రద్దు కాదన్న హామీ ఎక్కడుంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సంక్షేమ పథకాల కోసమైతే పౌరుని అనుమతి లేకుండానే సమాచారాన్ని వాడుకునే వీలు ప్రభుత్వానికి కల్పించింది. అనుమతి అడగరు సరే. కనీసం తీసివేసే ముందు సంజాయిషీ అయినా అడగాలి కదా?

అందువల్ల ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి నాలుగు. కార్డు రద్దు చేసే ముందు కారణం చూపుతూ లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, అది తెలుగులోనూ, రాష్ట్రపు రెండవ అధికార భాష అయిన ఉర్దూలోనూ ఉండాలి. విచారణ ముగిసేవరకు బియ్యం ఆపరాదు. యంత్రం అనుమానం మాత్రమే చెప్పాలి, తీర్పు ఇంటికి వచ్చి చూసిన అధికారి తన పేరుతో ఇవ్వాలి. ఇటువంటి సాఫ్ట్‌వేర్ కోసం కంపెనీలతో చేసుకున్న ఒప్పందాలను, అవి చేసిన తప్పుల లెక్కను స్వతంత్ర నిపుణులతో తనిఖీ చేయించి ప్రజల ముందు పెట్టాలి.

కోరికలతో మన బాధ్యత తీరదు. సమాచార హక్కు చట్టంలోని 4(1)(డి) నిబంధన ప్రకారం, ఒక పాలనా నిర్ణయం ఎవరిని తాకుతుందో వారికి దాని కారణాలు చెప్పవలసిన విధి ప్రభుత్వ కార్యాలయానికి ఉంది. జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 ప్రకారం జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్ర స్థాయిలో ఆహార కమిషన్ ఉండాలి. రేషన్ దుకాణాలపై సామాజిక తనిఖీ జరిపించే వీలును కూడా ఆ చట్టమే ఇచ్చింది. ఈ తలుపులు మన ఇళ్లకు దగ్గరగానే ఉన్నాయి, తట్టేవారే తక్కువ.

ప్రతి మస్జిద్ కమిటీ జుమా నమాజు తరువాత ఒక గంటసేపు చదువుకున్న ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను కూర్చోబెట్టగలదు. కుటుంబాల ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకాలలో పేరు ఒకే విధంగా ఉన్నదా అని వారు చూడగలరు. లేకుంటే సరిచేయించగలరు. కార్డు రద్దయినవారి తరఫున దరఖాస్తు రాసి, రసీదు తీసుకుని, ఆ రసీదు నకలు ఒక ఫైలులో దాచగలరు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు కూడా చివరికి ఇటువంటి కాగితాల మీదే నిలబడుతుంది. ఈ సాయం ముస్లిములకే పరిమితం కారాదు. పక్కింటి దళిత కూలీ కార్డు పోయినా, లంబాడా తండా కార్డు పోయినా మన బల్ల దగ్గరే వారికీ చోటుండాలి. యంత్రం అందరినీ ఒకే తీరున తప్పు పట్టగలిగినప్పుడు, మనం అందరి పక్షాన నిలబడడమే న్యాయం.

ఏదైనా వార్త వచ్చినప్పుడు, తెలియకుండా ఎవరికైనా హాని చేస్తామేమోనన్న జాగ్రత్తతో ముందు నిర్ధారించుకోవాలని దివ్య ఖురాన్ అల్ హుజురాత్ సూరాలో బోధిస్తుంది. విశ్వాసులకు చెప్పిన ఆ మాటలో ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీయైనా ఆచరించదగిన పాలనా ధర్మం ఉంది. పౌరుడు అప్పగించిన వివరాలు అమానత్. అమానత్‌ను కాపాడవలసినవాడే దానిని అప్పగించినవారి మీదికి అస్త్రంగా తిప్పరాదు.

విమానాశ్రయం తలుపు దగ్గర నిలబడినవానికి దక్కే మర్యాద, రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడిన ఆడపడుచుకు కూడా దక్కాలి. యంత్రం ఆమెను గుర్తుపట్టకపోతే, ఆమె మాట వినడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి.