పాత ఫియటుకు కొత్త సొగసులు

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నారు మన పెద్దలు. కాని కొన్ని పాత వస్తువుల విషయంలో ఈ సామెత తలక్రిందులవుతున్నది. ఏబదేండ్ల నాటి మోటారు కారు వీధిలో కనిపిస్తే ఈనాటి యువకుడు దానిని రోతగా చూడడు; ముచ్చటపడతాడు. ముచ్చటపడి ఊరకుండడు, దానికి ఏదో ఒకటి తగిలించవలెనని ఉబలాటపడతాడు. ఆ ఉబలాటంలో ఏది యోగ్యమో, ఏది వ్యర్థమో, ఏది అనర్థదాయకమో విచారించుటయే ఈ వ్యాసోద్దేశం.

ఈ విచారణకు ఆధారం మా ఇంటి కారే. అది 1975 నాటి ప్రీమియర్ పద్మిని. పేరు మనదే అయినా పుట్టినిల్లు ఇటలీ. 1953లో ట్యూరిను నగరంలో ఫియటు సంస్థ వెలువరించిన 1100 నమూనాయే బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి చేతిలో పెరిగి, కాలక్రమాన చిత్తోడు రాణి పద్మిని పేరు దాల్చింది. బొంబాయి వీధులలో నలుపు పసుపు రంగుల టాక్సీగా దశాబ్దాల తరబడి తిరిగి, 2023 అక్టోబరులో అక్కడ సెలవు తీసుకున్నది. 1089 సి.సి. ఇంజను, సుమారు నలుబది అశ్వశక్తి, స్టీరింగు ప్రక్కనే గేరు కడ్డీ. ఇంతే దాని సంపద. మా తండ్రిగారు దానిని ఒకరి వద్ద కొని, జీడిపప్పు వ్యాపారం మీద కాశీబుగ్గ నుండి టెక్కలికి, మందసకు, సోంపేటకు తిరిగేవారు. ఆయన గతించిన పిమ్మట కారు షెడ్డులో ఉండిపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంపై విరుచుకుపడిన రాత్రి షెడ్డు రేకులు ఎగిరిపోయినవి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన ఆ రోజులలో కారును ఎవరు పట్టించుకుంటారు?

కొన్నేళ్ళకు దానిని మళ్ళీ నడపవలెనని ఇంటిల్లిపాదీ సంకల్పించాము. అప్పుడు మొదలైనది సలహాల వర్షం. తమ్ముడు వెడల్పు చక్రాలు, ఏసీ, పెద్ద స్పీకర్లు కోరాడు. మా మామూజాన్ మరొక అడుగు ముందుకు వేసి, “పైకప్పు కోయించెయ్యి బేటా! సినిమాలో కారులాగా ఉంటుంది. పెండ్లి ఊరేగింపులకు అద్దెకిస్తే పెట్టుబడి తిరిగి వస్తుంది” అన్నారు. నేనేమో ముందు రంగు వేయించాను. ఒక షెడ్డువారు తుప్పు మీదనే లప్పం పెట్టి, నున్నగా రుద్ది, అద్దంలా మెరిసే రంగు కొట్టి ఇచ్చారు. చూచినవారందరూ భేష్ అన్నారు.

ఆ మెరుపు ముగిసి వారం తిరుగలేదు. సంత రోజున అమ్మీని వెనుక సీటులో కూర్చోబెట్టుకొని టెక్కలి ఊరిలో ప్రవేశిస్తూ ఉండగా బ్రేకు పెడలు నేలకు తగిలింది. కారు ఆగలేదు. ఎదురుగా సైకిలు నడిపించుకొంటూ రోడ్డు దాటుతున్న ఒక ఆడపిల్ల. గేరు తగ్గించి హ్యాండు బ్రేకు లాగగా, ఆ పిల్లకు రెండు మూరల దూరంలో బండి నిలిచింది. వెనుక చక్రంలోని సిలిండరు రబ్బరు చితికి నూనె అంతా కారిపోయిందట. రంగుకు వేలు పోసిన నేను ఆ రబ్బరుకు కొద్ది రూపాయలు పెట్టలేదు. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న మాటకు నా కారే కాదు, నేనూ ఉదాహరణమైతినని ఆనాడు సిగ్గుపడ్డాను.

అది మొదలు ప్రతి మార్పునూ మూడు ప్రశ్నలతో తూచుట అలవరచుకొన్నాను. ఇది ప్రాణం కాపాడునా? ఇది బండి ఆయువు పెంచునా? అక్కర లేదనుకొన్న నాడు దీనిని తీసి పూర్వస్థితికి తేగలమా?

ఈ తూనికలో మొదట నిలిచేది బ్రేకు. మా బండి వంటి పాతవాటిలో నాలుగు చక్రాలకూ నూనె ఒకే మార్గాన పోతుంది. ఎక్కడ కారినా అన్నీ పోయినట్లే. ముందు చక్రాలకు ఒకటి, వెనుకవాటికి ఒకటిగా రెండు మార్గాలు గల మాస్టరు సిలిండరు అమర్చుకొనుట నా దృష్టిలో అన్నిటికన్న విలువైన మార్పు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొంటుంది గనుక, మన సముద్రతీరంలో దానిని వేళకు మార్చుట తప్పనిసరి.

రెండవది తుప్పు. ఉద్దానపు ఉప్పుగాలి ఇనుమును చెదలువలె తింటుంది. పుచ్చిన రేకును కోసివేసి, కొత్త రేకు వెల్డింగు చేయించి, పూత పూయించి, తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలను శుభ్రపరచుకోవలె. తుప్పు మీద లప్పం పుండు మీద పట్టుబట్ట వంటిది.

మూడవది పెట్రోలు గొట్టాలు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇరువది శాతం ఇథనాలు కలిసి వస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరులోని వాషర్లను దెబ్బతీస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు బొట్టు పడితే ఏమగునో చెప్పనవసరం లేదు. ఇథనాలును తట్టుకొనే గొట్టాలకు అయ్యే ఖర్చు స్వల్పం.

నాలుగవది విద్యుత్తు తీగలు. పెళుసుబారిన తీగలను మార్చి, ఫ్యూజులు సరిచేసి, హెడ్‌లైట్లకు రిలే పెట్టించితే రాత్రి దారి స్పష్టమవుతుంది; స్విచ్చి కాలదు. గట్టి రేకుకు బిగించిన సీటు బెల్టులు, మంచి టైర్లు, శుభ్రపరచిన రేడియేటరు కూడ ఈ కోవలోనివే.

ఇక వెడల్పు చక్రాలు స్టీరింగును బరువు చేసి బేరింగులను అరగదీస్తాయి. నలుబది అశ్వశక్తి ఇంజను చేత ఏసీ మోయించుట ముసలి ఎద్దుకు రెండు బండ్లు కట్టుట. పెద్ద కార్బురేటరు పెట్టి వేగం పెంచుదమనుట, బ్రేకులు పాతవై ఉండగా, నేల విడిచి సాము చేయుటే.

పైకప్పు కోయుట మాటకు వద్దాము. ఈ కారుకు వేరే చట్రం లేదు. నేల, గుమ్మాలు, స్తంభాలు, కప్పు కలిసి ఒకే పెట్టెగా బలం ఇస్తాయి. కప్పు తీస్తే నడుము వంగుతుంది, తలుపులు పడవు. 1955లో ఫియటువారే ఈ 1100 కుటుంబంలో ‘ట్రాస్ఫోర్మాబిలే’ అను కప్పు తెరిచే కారును చేసిన మాట నిజం. కాని మామూలు కారు కప్పు కోసి దానిని చేయలేదు. దానికి వేరే దేహం నిర్మించారు. 1966లో వచ్చిన 124 స్పైడరు కూడ అట్లే ప్రత్యేకంగా రూపొందినదే. ఇక్కడ రంపం పట్టి ఒక పూటలో సాధించగలమనుకొనుట అవివేకం.

చట్టమూ ఒప్పదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చుటను నిషేధిస్తున్నది. 2021 నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషను నుండి ఏబదేండ్లు దాటి, మూల రూపం చెడని సొంత వాహనాన్ని ‘వింటేజి’గా నమోదు చేయించవచ్చు. దేహాన్ని కోసిన బండికి ఆ గౌరవం దక్కదు. ఆ గౌరవం పొందిన బండిని నిత్య ప్రయాణానికి గాని, అద్దెకు గాని త్రిప్పరాదు. కావున మామూజాన్ లెక్క రెండు విధాలా తప్పినది. ఈ మాట వారికి వినయంగానే విన్నవించాను. ఒక నెల మాటలాడలేదు. తరువాత నవ్వి ఊరుకున్నారు.

విద్యార్థి మిత్రులారా! కార్బురేటరు విప్పి, చెవితోనే దోషం పట్టగల మెకానిక్కులు మన కాశీబుగ్గ, టెక్కలి షెడ్లలో ఇప్పటికీ ఉన్నారు. వారి చేతులు వృద్ధమవుతున్నవి. వారి విద్యను వ్రాసి ఉంచినవారు లేరు. నెలకొక మధ్యాహ్నం అట్టి పెద్దను కళాశాలకు ఆహ్వానించి, తగిన పారితోషికం ఇచ్చి, మన పిల్లలకు ఆ పని చూపించవలసినదిగా పాలకవర్గం పెద్దలను సవినయంగా కోరుచున్నాను. కావలసినచో మా పద్మిని బోనెట్టు తెరిచే ఉంటుంది.

దాని రంగు ఇప్పుడు అక్కడక్కడ వెలిసినది. బ్రేకు మాత్రం త్రొక్కిన చోట నిలుస్తున్నది. అమ్మీ మళ్ళీ ధైర్యంగా ఎక్కుతున్నది.