మా లాబీలో కృష్ణవేణి వద్దట

మా అపార్ట్‌మెంట్ లాబీకి ఈ మధ్య కొత్తగా రంగులేయించారు. లిఫ్టు ఎదురుగా గోడ బోసిగా ఉంది, ఏదైనా బొమ్మ పెడదామని వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలైంది. ముప్పాతిక మంది నాలాంటి సాఫ్ట్‌వేర్ జీవులే కాబట్టి ఆ చర్చ ఎలా సాగిందో చెప్పక్కర్లేదనుకుంటా. చివరికి పోల్ పెట్టారు. బుద్ధుడి తల గెలిచింది. నేను చెప్పినదానికి మూడు ఓట్లొచ్చాయి, అందులో ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. ఆ మూడో పుణ్యాత్ముడెవరో ఇప్పటికీ తెలీదు.

నేను చెప్పింది రవీందర్ రెడ్డి గారి తలల్లో ఒకదాని పెద్ద ఫోటో పెడదామని. అసలు శిల్పం కొనే స్థోమత మా అసోసియేషన్‌కి వచ్చే జన్మలో కూడా ఉండదు లెండి. "బాగానే ఉంది కానీ బ్రో, మరీ పల్లెటూరి లుక్" అని ఒకాయన జవాబు. దాని కింద బొటనవేళ్ళు బారులు తీరాయి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రవీందర్ రెడ్డి గారు 1956లో సూర్యాపేటలో పుట్టారు. బరోడాలో శిల్పకళ చదివి, లండన్ వెళ్ళి అక్కడా చదువుకున్నారు. తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఆయన చేసేవి ఎక్కువగా ఆడవాళ్ళ తలలు. మనిషెత్తువి, ఇంకా పెద్దవీ. రాయి కాదు, కంచు కాదు, ఫైబర్ గ్లాసు. దానిమీద మెరిసే రంగులు, కొన్నింటికి బంగారు రేకు. కొప్పు నిండా పూలు, ఎర్రటి పెదాలు, ఇంతింత కళ్ళు. పేర్లేమో కృష్ణవేణి, రాధ, దేవి... మన క్లాసు హాజరు పట్టీలోని పేర్లు. 1996లోనే న్యూయార్క్‌లో ఏసియా సొసైటీ పెట్టిన ఆసియా కళాప్రదర్శనలో ఆయన పని ఉంది. అక్కడ చెల్లిన మొహం మా లిఫ్టు ఎదురుగా చెల్లలేదు.

బుద్ధుడి మీద నాకేం కోపం లేదు. అమరావతి, నాగార్జునకొండ మనవే. కానీ షాపుల్లో దొరికే ఆ తల కళ్ళు మూసుకుని ఉంటుంది. దాని ముందు చెప్పులు విడవొచ్చు, ఫోన్లో అరవొచ్చు, అది మనల్ని చూడదు. కృష్ణవేణి రెప్ప వెయ్యదు. మా ఊరి గంగమ్మ చూసినట్టు నేరుగా చూస్తుంది. ఇబ్బంది అక్కడ.

ఈ ఇబ్బంది నాకు కొత్త కాదు. మాది మైదుకూరు. చుట్టుపక్కల పసుపు పండిస్తారు, మా జేజి మొహాన ఆ పసుపు ఎప్పుడూ ఉండేది. రూపాయి బిళ్ళంత బొట్టు, రెండు వైపులా ముక్కుపుడకలు, కొప్పులో కనకాంబరాలు. ఇంజనీరింగ్ రెండో ఏడు చదివేటప్పుడు చెప్పకుండా హాస్టలుకొచ్చింది, క్యారియర్ నిండా ఓళిగలతో. రూమ్మేట్ ఎవరని అడిగితే "మా ఊరామె" అన్నాను. జేజి విన్నది. ఏమీ అనలేదు, క్యారియర్ ఇచ్చి బస్సెక్కింది. తర్వాత నేనూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు. ఇప్పుడు ఆమె లేదు. అందుకే ఆ "పల్లెటూరి లుక్" అన్నాయన మీద కోప్పడే అర్హత నాకు లేదు.

అయితే రవీందర్ రెడ్డి గారి పని మీద నాకూ ఒక పేచీ ఉంది. విక్ మునిజ్ అని బ్రెజిల్ కళాకారుడున్నాడు. రియో పక్కన జార్దిమ్ గ్రామాచో అనే పెద్ద చెత్తదిబ్బ ఉండేది, 2012లో మూసేశారు. అక్కడ చెత్త ఏరుకునేవాళ్ళ బొమ్మల్ని, వాళ్ళ చేతనే, వాళ్ళేరిన చెత్తతోనే నేల మీద పేర్పించి పైనుంచి ఫోటోలు తీశాడు. అమ్మగా వచ్చిన డబ్బు వాళ్ళ సంఘానికిచ్చాడు. 2010లో వచ్చిన 'వేస్ట్ ల్యాండ్' డాక్యుమెంటరీలో ఇదంతా ఉంది, వీలైతే చూడండి. వాళ్ళు రియో మ్యూజియంకి వెళ్ళి గోడ మీద తమ మొహాలు చూసుకునే చోట నేను లేచి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను.

మన కృష్ణవేణులు ఆ తలల్ని ఎక్కడ చూశారు? అవి ఫలానా మనిషి బొమ్మలు కావు, పోలికలే, కాబట్టి మునిజ్‌తో పోల్చడం కొంత అన్యాయమే. అయినా గ్యాలరీల్లోనూ డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లోనూ ఉన్న మొహం మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఒకటి ఎందుకుండకూడదు? మన ఊళ్ళల్లో కూడళ్ళన్నీ నాయకుల విగ్రహాలకే రాసిచ్చేశాం. బద్వేలు, ప్రొద్దుటూరు బస్సుల కోసం నిలబడే ఆడవాళ్ళు తలెత్తి చూస్తే తమలాంటి ఒక తల కనబడాలి. అది దోమల మందు ప్రకటన అయి ఉండకూడదు :)

మొన్న ఊరికెళ్ళినప్పుడు బంగారు తల ఫోటో ఒకటి ఫోన్లో అమ్మకు చూపించా. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవుర్రా ఈయమ్మ? కండ్లు మూయనట్టుండాదే. బంగారమా అదంతా? ప్రొద్దుటూర్లో చేసినారా?"

"కాదుమా. పైన రేకు, అంతే."

"రేకా? అయితే గిల్టే గదా" అని ఫోన్ ఇచ్చేసింది. మళ్ళీ తీసుకుని, "పూలు మాత్రం సక్కంగా పెట్టినారు" అంది.