తలకు చల్లదనము



ఒక ఆసుపత్రిలో ఐ.సి.యు. తలుపు బయట కూర్చున్న ఒక తల్లిని మేము పరామర్శించాము. మోటారు సైకిలు మీదనుండి పడి ఆమె కుమారునికి తలకు బలమైన దెబ్బ తగిలింది. హెల్మెట్ ఇంటిలోనే ఉన్నదట. ఆమె ఒడిలో ప్లాస్టిక్ సంచి, దానిలో ఐసు ముక్కలు. "అయ్యగారూ, కాలు బెణికితే ఐసు పెడతాము గదా! వీడి తలకు పెట్టనివ్వమని డాక్టరుగారితో మీరైనా చెప్పండి" అన్నది. మేము ఏమీ చెప్పలేకపోయాము. తరువాత తెలిసిన డాక్టరుగారి నడిగి, కొంత చదివి, ఇది వ్రాస్తున్నాము.

ఆమె ఆలోచన తెలివితక్కువది కాదు. దెబ్బ తగిలిన క్షణములో జరిగే హాని ఒకటి. తరువాత గంటలలో, రోజులలో మెదడు వాచి, పుర్రెలో చోటు చాలక నలిగిపోవుట మరొకటి. శరీరపు బరువులో నూటికి 2 వంతులే ఉన్న మెదడు, ఒంటికి అందే ప్రాణవాయువులో సుమారు 20 వంతులు వాడుకొంటుంది. చల్లబరిస్తే ఆ అవసరము తగ్గుతుంది. అమెరికాలో టెంపుల్ ఫే అను శస్త్రవైద్యుడు 1940 ప్రాంతములోనే ఇటువంటి రోగులను చల్లబరచి చూచాడు.

అయితే పెద్ద పరీక్షలు ఆశాభంగమే కలిగించాయి. ఒళ్లంతా చల్లబరచుటను గూర్చి 392 మంది రోగులతో చేసి 2001లో ప్రకటించిన పరిశోధనలో గాని, 500 మందికి పైగా రోగులతో చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో గాని మేలు కనబడలేదు. యూరప్‌లో ప్రారంభమై 2015లో ఫలితాలు వెలువడిన పరిశోధననైతే, కీడు జరుగుతున్నదని మధ్యలోనే ఆపివేశారు. ఒళ్లంతా చల్లబడితే న్యుమోనియా రావచ్చు, రక్తము సరిగా గడ్డకట్టదు, గుండె లయ తప్పవచ్చు.

మరి దెబ్బ తగిలిన చోటును మాత్రమే చల్లబరిస్తే? శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో సిరంజితో ఎక్కించే హైడ్రోజెల్‌ల వైపు చూస్తున్నది ఇందుకే. నానిన సబ్జా గింజ తన చుట్టూ నీటిని పట్టుకొన్నట్టు, హైడ్రోజెల్ నీటిని పట్టి ఉంచుతుంది. కొన్ని రకాలు సిరంజిలో చల్లగా ఉన్నంతసేపు ద్రవముగా ఉండి, ఒంటి వెచ్చదనము తగలగానే గట్టిపడతాయి. చైనా గ్రాస్‌కు ఇది తారుమారు! ఇక చల్లదనము సంగతి. బకెట్టు నీటిలో యూరియా కలిపితే నీరు చల్లబడుట మన రైతులు ఎరిగినదే. ఆలాగున వేడిని పీల్చుకొనే పదార్థమును లోపలకు చేర్చగలిగితే అన్నది ఆలోచన.

కష్టమంతా రక్తముతోనే. నిమిషమునకు సుమారు ముప్పాతిక లీటరు వెచ్చని రక్తము మెదడులోకి ప్రవహిస్తుంది. దానియెదుట చిన్న జెల్ ముద్ద ఎంతసేపు చల్లగా నిలుస్తుంది? పైన పెట్టిన ఐసు చల్లదనము లోతుకు చేరకపోవుటకు కూడా ముఖ్యముగా కారణమిదే. పైగా జెల్ వలన మెదడు కణాలకు హాని కలుగరాదు, సూది వెంట క్రిములు లోపలికి పోరాదు. ఇప్పటికైతే ఇది ఆసుపత్రులలో ఇచ్చే వైద్యము కాదు. ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

మరుసటి వారము ఆ తల్లికి ఇదంతా మాకు చేతనైనట్లు చెప్పాము. "జ్వరము రానివ్వకుండా చూచుట ముఖ్యమమ్మా. లోపల వారు ఆ పనే చేస్తున్నారు" అన్నాము. ఆమె తల ఊపింది. పిల్లవాడు కళ్లు తెరచాడు గాని, మాట ఇంకా రాలేదు.